లెక్కా – దిక్కూ

మన పత్రికలవాళ్ళ దగ్గర కొన్ని మాటలు ఎప్పుడూ పోతపోసి సిద్ధంగా ఉంటాయనుకుంటాను. మంత్రిగారు ఏ ఊరు వెళ్ళినా 'సుడిగాలి పర్యటన'. ఏ ఇంట్లో దొంగలు పడినా 'దొంగల బీభత్సం'. అలాగే ముళ్ళపొదల్లోనో, బస్టాండు బెంచీ మీదో, ఆసుపత్రి వరండాలోనో పొత్తిళ్ళలో పసిబిడ్డ కనిపించిందంటే చాలు, 'కసాయి తల్లి' అనే మాట దానంతటదే వచ్చి శీర్షికలో కూర్చుంటుంది. ఇన్నేళ్ళుగా పేపరు చదువుతున్నాను, ఈ సందర్భంలో 'కసాయి తండ్రి' అన్న శీర్షిక మాత్రం నా కంటబడలేదు. బిడ్డను కనడానికి ఇద్దరు కావాలి గానీ, వదిలెయ్యడానికి ఒకతే చాలు కాబోలు!

నిజానికి మన చట్టం ఇంత పక్షపాతం చూపలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 317వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 93వ సెక్షన్ వచ్చింది. పన్నెండేళ్ళలోపు బిడ్డను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే ఏడేళ్ళ దాకా జైలు. ఎవరికీ? 'తండ్రి గానీ, తల్లి గానీ' అని ఉంది అందులో. తండ్రినే ముందు వ్రాశారు! మరి తండ్రి ఎందుకు దొరకడూ అంటే, ఆయన బిడ్డ పుట్టకముందే వెళ్ళిపోయాడు గనక. కడుపులో ఉన్న బిడ్డను వదిలి వెళ్ళడానికి సెక్షన్ లేదు. పుట్టిన బిడ్డను వదలడానికే ఉంది. అంచేత ఆఖర్న మిగిలినవాళ్ళే దోషులవుతారు.

మనకి ఈ కథ కొత్తదేం కాదు లెండి. సీతమ్మ నాగటి చాలులో దొరికింది. గోదాదేవి శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులవారి తులసివనంలో దొరికింది. మాలినీ నది ఒడ్డున పక్షులు రెక్కలు కప్పి కాపాడుతూంటే శకుంతలను కణ్వుడు ఎత్తుకున్నాడు. కర్ణుడు మందసంలో నదులన్నీ తేలుకుంటూ పోయి చంపానగరంలో రాధమ్మ ఒడి చేరాడు. దొరికిన బిడ్డల్ని మనం నెత్తిన పెట్టుకుంటాం. వాళ్ళకు కల్యాణాలు చేస్తాం, గుళ్ళు కడతాం. కర్ణుడి కోసం నాటకాల్లో, సినిమాల్లో కళ్ళు తుడుచుకుంటాం. వదిలినవాళ్ళ మాట ఎత్తితే మాత్రం కుంతి ఒక్కతే మనకు గుర్తొస్తుంది. ఆమె జీవితమంతా ఆ మందసాన్ని గుండెల మీద మోసింది. సూర్యభగవానుడో? మర్నాడు పొద్దున్నే వేళకు ఉదయించాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

రవివర్మ బొమ్మ ఒకటి మన అమ్మమ్మల కాలంలో చాలా ఇళ్ళల్లో గోడలకుండేది. మేనక పసిగుడ్డు శకుంతలను పట్టుకుని నిలబడి ఉంటుంది. విశ్వామిత్రులవారు ముఖం అటు తిప్పుకుని, ఇటు అరచెయ్యి అడ్డం పెడతారు. ఆ అరచేతిని మనం తపస్సు కింద జమకట్టాం. తర్వాత మేనక చేసిన పనిని మాత్రం నిర్దయ అన్నాం.

సరే, పురాణాలు అలా ఉంచండి. ఈ రోజున ప్రభుత్వం ఏం చెయ్యాలి? బిడ్డను వదిలిన తల్లి ఎవరో వెతికి పట్టుకోవాలా? లేక "నువ్వెవరివో మాకక్కర్లేదు, బిడ్డను ఈ ఉయ్యాలలో వేసి వెళ్ళు" అనాలా? మొదటిది చేస్తే భయంతో బిడ్డను చెత్తకుప్పలో వేస్తారు. రెండోది చేస్తే బాధ్యత వదులుకోవడానికి ప్రభుత్వమే తలుపు తెరిచినట్లు కాదూ? ఇది పైకి కనిపించినంత తేలిక ప్రశ్న కాదు.

మా బౌరంపేట సంగతే చూడండి. ఒకప్పుడు కుత్బుల్లాపూర్ మండలంలో, రంగారెడ్డి జిల్లాలో చేలూ చెరువులూ ఉన్న పల్లె. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు దగ్గరైంది. ఇటు బాచుపల్లి, అటు గండిమైసమ్మ, దుండిగల్, అన్నీ కలిసిపోయాయి. పొలాలున్న చోట విల్లాలు లేచాయి. ఆ విల్లాలు కట్టేవాళ్ళు రేకుల షెడ్లలో ఉంటారు. ఒక మేస్త్రీ వెంట వచ్చినవాళ్ళు ఇంకో మేస్త్రీ వెంట వెళ్ళిపోతారు. వాళ్ళు ఒడిశా వాళ్ళో, పాలమూరు వాళ్ళో, బీహారు వాళ్ళో, ఎవరికీ సరిగ్గా తెలియదు. పల్లెలో అందరికీ అందరూ తెలుసు. పట్నంలో ఎవరికీ ఎవరూ తెలియదు. ఊరు పట్నంగా మారే ఈ మధ్య దశ ఉంది చూశారూ, ఇందులో అందరి నోళ్ళూ పల్లెవే, ఎవరి సాయమూ అందని ఒంటరితనం మాత్రం పట్నానిది. కడుపుతో ఉన్న దిక్కులేని పిల్లకు ఇంతకన్న చెడ్డ చోటు లేదు.

అలాగని ప్రభుత్వం కళ్ళు మూసుకుని కూర్చుందని అనడానికి వీల్లేదు. లెక్కలు వ్రాయడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు. 1969 చట్టం ప్రకారం పుట్టిన ప్రతి బిడ్డనూ 21 రోజుల్లో నమోదు చెయ్యాలి. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలు మొదలయ్యాయి. గర్భిణికీ బాలింతకూ అక్కడొక రిజిస్టరు. 2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు. 2009లో ప్రతి గర్భిణినీ, పుట్టిన ప్రతి బిడ్డనూ పేరుపేరునా కంప్యూటర్లో ఎక్కించి వెంబడి చూసే పద్ధతి పెట్టారు. మూడో నెలలో పేరు వ్రాసుకుంటే టీకాలూ, కాన్పూ, బిడ్డ బరువూ అన్నీ వరుసగా అందులో కనబడాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ పథకం తెచ్చి, సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే మగపిల్లాడికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు విడతలుగా ఇస్తామంది. ఆ వెయ్యి రూపాయల తేడా ఎందుకో నేను చెప్పక్కర్లేదు. ఆడపిల్ల పుట్టిందని ముఖం మాడ్చుకునే ఇంట్లో, 'ఈ పిల్ల వెయ్యి ఎక్కువే తెచ్చింది' అనిపించాలని ప్రభుత్వంవారి ఆశ.

ఇన్ని రిజిస్టర్లున్నాయి కదా, ఇక పిల్లలు పొదల్లో ఎలా దొరుకుతారని ఒకసారి ఒక అంగన్‌వాడీ టీచరమ్మను అడిగాను. ఆవిడ నవ్వింది.

"రిజిస్టర్ల పేరు రాయించుకున్నోళ్ళ గురించి నాకు రంది లేదమ్మా. వాళ్ళు గుడ్డు రాకుంటే వచ్చి కొట్లాడతరు. నా రందంతా పేరు రాయద్దని తప్పిచ్చుకొని తిరిగేటోళ్ళ గురించే."

"మరి వాళ్ళు మీకు తెలుస్తారా?"

"ఎందుకు తెల్వదు? చున్నీ కప్పుకొని నడిచే తీరే చెప్తది. గానీ నేను పోయి అడిగితే ఏమైతదో ఎర్కేనా? తెల్లారేసరికి ఆ షెడ్డు ఖాళీ. నేను అడిగినందుకే ఆ పిల్ల ఊరు దాటిపోతది. అందుకే నేను మంచిగనే మాట్లాడత, రాసుకోను. బుక్కు తీసినమంటే మనిషి దొరకదు."

బుక్కు తీస్తే మనిషి దొరకదు! పెద్ద పెద్ద కమిటీలు పేజీలకు పేజీలు వ్రాసే సంగతిని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. లెక్క వ్రాసేది దిక్కు చూపించడానికే. కానీ ఏ దిక్కూ లేనివాళ్ళు లెక్కనే చూసి భయపడతారు. పెళ్ళికాని పిల్ల, మొగుడు పోయిన మనిషి, మొగుడు విడిచిపెట్టిన మనిషి, హాస్టలు పిల్ల, పసితనం తీరకుండానే పాడు చెయ్యబడిన పిల్ల, వీళ్ళకు రిజిస్టరులో మొదట కనబడేది 'భర్త పేరు' అనే గడి. ఆ గడిలో ఏం వ్రాయించాలో తెలియని మనిషి తక్కిన గడులన్నింటినుంచీ పారిపోతుంది. అంటే మనం ఎవరికోసం రిజిస్టరు పెట్టామో వాళ్ళే అందులో లేరన్నమాట.

మన ప్రభుత్వానికి రెండు చేతులున్నాయి. ఒక చేతిలో ఇందాక చెప్పిన ఏడేళ్ళ జైలు. ఆ చెయ్యి అందరికీ తెలుసు. రెండో చేతిలో 2015 నాటి బాలల న్యాయ చట్టం. ఆ చెయ్యి ఒకటుందని ఎంతమందికి తెలుసో చెప్పండి. ఆ చట్టం 35వ సెక్షన్ ప్రకారం, తమ వశంలో లేని పరిస్థితులవల్ల బిడ్డను పెంచుకోలేనివాళ్ళు జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చి బిడ్డను అప్పగించవచ్చు. వాళ్ళు విచారిస్తారు, మాట్లాడతారు, పెంచుకునే దారేమైనా ఉందేమో చూస్తారు. అప్పటికీ కాదంటే అప్పగింత పత్రం వ్రాయించుకుంటారు. ఆ తర్వాత కూడా రెండు నెలలు గడువు ఉంటుంది. ఈలోగా మనసు మారితే బిడ్డను తిరిగి తీసుకోవచ్చు. భార్యాభర్తలైతే ఇద్దరూ సంతకం పెట్టాలి. పెళ్ళికాని తల్లి అయితే ఆవిడ సంతకం ఒక్కటే చాలు. తండ్రెవరని నిలదియ్యక్కర్లేదు. వదిలేసిన బిడ్డ గురించి గానీ, అప్పగించిన బిడ్డ గురించి గానీ ఈ చట్టం కింద జరిగే విచారణలో కన్నవాళ్ళ మీద ఎఫ్.ఐ.ఆర్. వ్రాయకూడదని కూడా అందులోనే ఉంది. తమ చేతిలో లేని పరిస్థితులవల్ల వదులుకుంటే అది కావాలని చేసిన పని కాదనే భావించాలని ఇంకో చోట ఉంది.

చూశారా, ఒక చెయ్యి కొడతానంటుంది, ఒక చెయ్యి రమ్మంటుంది. పోలీసు స్టేషనులో, పేపర్లో, వీధి అరుగు మీద కనిపించేది కొట్టే చెయ్యే. రమ్మనే చెయ్యి ఎక్కడో కలెక్టరాఫీసు వెనక గదిలో ఉండిపోయింది. అర్ధరాత్రి నొప్పులు పడి, ఒంటరిగా కని, ఒళ్ళంతా వణుకుతున్న పద్ధెనిమిదేళ్ళ పిల్లకు 35వ సెక్షన్ గుర్తుకొస్తుందా?

అందుకే ఉయ్యాల పెట్టాలన్నారు కొందరు. తమిళనాడులో 1992లో, జయలలితగారు ముఖ్యమంత్రిగా ఉండగా, సేలం జిల్లాలో మొదలైంది. ఆడపిల్లల్ని పురిట్లోనే చంపుతున్నారని గగ్గోలు పుట్టిన రోజులవి. "చంపకండి, ఇక్కడ వెయ్యండి" అని ఆసుపత్రుల దగ్గరా ఆఫీసుల దగ్గరా ఉయ్యాలలు పెట్టారు. 2001లో మదురై, తేని, దిండుగల్, ధర్మపురి జిల్లాలకు కూడా పాకింది. ఆ ఉయ్యాలల్లోకి వేలమంది పిల్లలు చేరారు. అందులో ఎక్కువమంది ఆడపిల్లలే. 2007లో కేంద్రంలో స్త్రీ శిశు సంక్షేమ మంత్రిగా ఉన్న మన ఖమ్మం రేణుకా చౌదరిగారు జిల్లాకొక ఉయ్యాల పెడదామన్నారు. మన హైదరాబాదులోనూ ఇలా వచ్చిన పిల్లలకు యూసుఫ్‌గూడ శిశువిహార్ ఉంది.

ఐరోపావాళ్ళు ఇది ఎనిమిది వందల ఏళ్ళకు ముందే చేశారు. 1198 ప్రాంతంలో రోములో పోపుగారు ఆసుపత్రి గోడకు తిరిగే పెట్టె పెట్టించారని చెబుతారు. బయటినుంచి బిడ్డను అందులో వేసి తిప్పితే లోపలికి వెళ్ళిపోతుంది. లోపలివాళ్ళకు తల్లి ముఖం కనబడదు. లండన్‌లో 1741లో అనాథ శిశువుల ఆసుపత్రి తెరిచినప్పుడు తల్లులు బిడ్డతోపాటు ఏదో ఒక గుర్తు పెట్టి వెళ్ళేవారట. సగం విరిచిన నాణెం, ఒక బొత్తాం, కట్టుబట్ట చింపిన పీలిక, ఇలాంటివి. ఎప్పటికైనా వచ్చి ఈ సగానికి ఆ సగం చూపించి బిడ్డను తెచ్చుకుందామని. వచ్చినవాళ్ళు బహు తక్కువ. ఆ గుర్తులు మాత్రం నేటికీ అక్కడ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చూసినవాళ్ళెవరూ 'కసాయి తల్లి' అనరనుకుంటాను.

కానీ ఆ లండన్ కథే ఇంకో పాఠం కూడా చెబుతుంది. 1756లో అక్కడి పార్లమెంటు డబ్బిచ్చి, వచ్చిన ప్రతి బిడ్డనూ తీసుకోవలసిందే అంది. నాలుగేళ్ళలో దాదాపు 15 వేలమంది వచ్చిపడ్డారు. మూడింట రెండు వంతులమంది బతకలేదు. తలుపు తెరవగానే సరిపోదు, తలుపు వెనక పాలిచ్చే చెయ్యి ఉండాలి. లేకపోతే ఉయ్యాల కూడా చెత్తకుప్పలాంటిదే, కాస్త శుభ్రంగా ఉంటుందంతే.

ఇక ఆక్షేపణలు. మొదటిది, ఉయ్యాల పెడితే జనం అలవాటు పడతారు, ఆడపిల్లల్ని హాయిగా తెచ్చి పడేస్తారు అని. దీన్ని కొట్టి పారెయ్యడానికి లేదు. పిల్లల్ని ఎలా పెంచాలో 1762లో ప్రపంచానికి పెద్ద గ్రంథం వ్రాసి చెప్పిన రూసో మహాశయుడు తన ఐదుగురు పిల్లల్నీ పుట్టగానే పారిస్ అనాథాశ్రమానికి పంపేశాడు. ఆయనకు తిండిలేక కాదు, వీలు దొరికి! తల్లి థెరేస్ ఏడ్చినా వినలేదు. తలుపు తెరిచి ఉంటే ఇలాంటి పెద్దమనుషులూ దూరతారు. కానీ ఒక్కటి ఆలోచించండి. రూసోలాంటివాళ్ళకి ఉయ్యాల లేకపోయినా ఏదో ఒక దారి దొరుకుతుంది. రేకుల షెడ్డులోని పిల్లకు దొరకదు. పెద్దమనుషులు దూరతారని తలుపు మూసేస్తే బయట మిగిలిపోయేది ఆ పిల్లే.

రెండో ఆక్షేపణ మరీ ముల్లులాంటిది. తల్లి రహస్యం కాపాడితే బిడ్డ హక్కు ఏమవుతుంది? నేనెవరి బిడ్డనని అడగడానికి పెద్దయ్యాక ఆ బిడ్డకు అధికారం లేదూ? కర్ణుడి బాధంతా అదే కదా! అన్నం పెట్టిన రాధ ఉంది, ప్రేమ ఉంది, అయినా ఆ ఒక్క ప్రశ్న నిద్రపోనివ్వలేదు. జర్మనీవాళ్ళు 2014లో దీనికొక మధ్యమార్గం ఆలోచించారు. తల్లి మారుపేరుతో ఆసుపత్రిలో క్షేమంగా కనవచ్చు. అసలు పేరు ఒక కవరులో పెట్టి సీలు వేస్తారు. బిడ్డకు పదహారేళ్ళు వచ్చాక అడిగితే ఆ కవరు తెరవవచ్చు. రహస్యం వీధినుంచి కాపాడాలి గానీ కన్నబిడ్డనుంచి కలకాలం దాచకూడదని వాళ్ళ తీర్పు. నాకు ఇది సబబుగా తోచింది.

మూడో ఆక్షేపణ మన ఇంటిదే. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ మన రాష్ట్రం పరువు ఊరూవాడా పోయింది. లంబాడీ తండాల్లో పుట్టిన ఆడపిల్లల్ని దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని, తల్లి తనంత తానే వదులుకున్నట్లు కాగితాలు పుట్టించి, దత్తత పేరిట విదేశాలకు పంపించారన్న వ్యవహారం బయటపడింది. అప్పుడు ప్రభుత్వం బీదరికంవల్లనో, ఆడపిల్ల అనో, పిల్లలెక్కువయ్యారనో బిడ్డను వదులుకోవడం చెల్లదని నిషేధించింది. దళారీని ఆపడానికి ఆ తలుపు మూయడం అవసరమే కావచ్చు. కానీ తలుపు మూసినంత మాత్రాన తండాలో పేదరికం పోయిందా? ఆ తల్లికి పాలూ అన్నం వచ్చాయా? ఏమీ అడగకపోతే దళారీ దూరతాడు. అన్నీ అడిగితే తల్లి పారిపోతుంది. 2015 చట్టంలో అప్పగింతకు ముందు విచారణా, తర్వాత రెండు నెలల గడువూ ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. అడగాలి, కానీ పట్టుకోవడానికి అడగకూడదు. నిలబెట్టడానికి అడగాలి. ఆ తేడా చట్టం వ్రాసిన కాగితంలో ఉండదు, అడిగే మనిషి గొంతులో ఉంటుంది. మా టీచరమ్మకు తెలిసిందీ అదే.

మరి ఆ తల్లికి తప్పే లేదా అంటారు మీరు. ఉంది. పసిగుడ్డును కుక్కలు తిరిగే చోట వదలడం ఘోరం కాదని నేననను. కానీ వదలడాల్లో రెండు రకాలున్నాయి. ఎవరికీ కనబడకూడదని వదలడం ఒకటి, ఎవరైనా చూడాలని వదలడం ఇంకొకటి. తెల్లవారుజామున గుడి మెట్ల మీద దుప్పటి చుట్టి, పక్కన పాలసీసా పెట్టి, చెట్టు చాటున నిలబడి ఎవరో ఎత్తుకునేదాకా చూసి వెళ్ళే మనిషి కూడా వదిలిందే. ఆమె బిడ్డను వదిలింది గానీ బిడ్డ బతుకు మీద ఆశ వదల్లేదు. మొదటి రకాన్ని రెండో రకంగా మార్చడమే ఉయ్యాల చెయ్యగలిగిన పని. అంతకుమించి చెయ్యలేదు. ఒకరి తప్పు పోగొట్టలేదు, బిడ్డ ప్రాణం మాత్రం నిలుపుతుంది. తప్పు సంగతి తీరిగ్గా తేల్చుకోవచ్చు, ప్రాణం సంగతి అలా కాదు కదా!

అసలు ఉయ్యాల దాకా రాకుండా ఆపే పని ఒకటుంది. దాన్ని 1863లోనే పుణేలో జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు చేసి చూపించారు. పాతికేళ్ళయినా నిండని వితంతువులు గర్భవతులై, లోకానికి వెరచి పుట్టిన బిడ్డల్ని చంపుకోవడమో తామే చావడమో చేస్తూంటే, రహస్యంగా వచ్చి క్షేమంగా కని వెళ్ళమని తమ ఇంట్లోనే ఆశ్రయం పెట్టారు. 1874లో అలా వచ్చిన ఒకావిడ కన్న బిడ్డను తామే పెంచుకున్నారు. ఆ యశ్వంత్ డాక్టరయ్యాడు. 1897లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేశాడు. ఆ సేవలోనే సావిత్రీబాయి కన్నుమూసింది. మన వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన 1881లోనే, సూరత్‌లో విజయలక్ష్మి అనే వితంతువుకు బిడ్డను చంపిందని ఉరిశిక్ష వేశారు. తర్వాత తగ్గించారనుకోండి. పత్రికలన్నీ ఆడవాళ్ళ నీతి మీద విరుచుకుపడ్డాయి. దానికి మండిపడి 1882లో తారాబాయి శిందే మరాఠీలో ఒక పుస్తకమే వ్రాసింది. ఆడదాని మీద మోపే ప్రతి తప్పునూ మగవాడి వైపు తిప్పి చూపించింది. నూటనలభై ఏళ్ళు దాటినా మన శీర్షికలు ఇంకా విజయలక్ష్మి దగ్గరే ఉన్నాయి.

ఫూలే దంపతులు బిడ్డకోసం కాదు, బిడ్డ పుట్టకముందు తల్లికోసం తలుపు తెరిచారు. చట్టం కూడా ఇప్పుడు ఆ దారినే నడుస్తోంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, గర్భస్రావం విషయంలో చట్టం ఇచ్చిన 24 వారాల అవకాశాన్ని పెళ్ళి కాలేదన్న కారణంగా ఎవరికీ కాదనకూడదని తీర్పు చెప్పింది. ఇది నచ్చేవాళ్ళుంటారు, నచ్చనివాళ్ళుంటారు. కానీ వేళకు డాక్టరు దగ్గరకు వెళ్ళే ధైర్యం ఆ పిల్లకుంటే, కనాలనుకున్నా వద్దనుకున్నా, ముళ్ళపొద దాకా రావలసిన అవసరం ఉండదు.

ఆ ధైర్యం ఇవ్వవలసింది ఎవరు? ఇక్కడే మనం, అంటే ఈ పత్రిక చదువుకునే మీరూ నేనూ, కథలోకి వస్తాం. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి నాలుగు రోజులు రాకపోతే 'ఒంట్లో బాగోలేదేమో' అనుకునేవాళ్ళం ఎందరం? 'ఏదో ఉంది సుమండీ' అని పక్కింటి వదినగారితో గుసగుసలాడేవాళ్ళం ఎందరం? ఎదురింటి పిల్ల ఉన్నట్టుండి పిన్నిగారి ఊరికి వెళ్ళిందంటే నెలలు లెక్కపెట్టేది ఎవరు? ఆ వేళ్ళు మగవాళ్ళవి కావు, మనవే. ప్రభుత్వం రిజిస్టరులో వ్రాసే లెక్కకన్న మనం వేళ్ళ మీద కట్టే లెక్కకే ఆ పిల్ల ఎక్కువ భయపడుతుంది. 'నలుగురూ ఏమనుకుంటారు' అని తల్లులు కూతుళ్ళను కొడుతూంటారు చూడండి, ఆ నలుగురిలో ఒకరం మనం.

ఇంకో చిత్రం వినండి. ఒకవైపు ఇలా వదిలే బిడ్డలు, మరోవైపు బిడ్డకోసం ఎదురుచూసే దంపతులు. 2024–25లో మన దేశంలో చట్టబద్ధంగా 4,515 దత్తతలు జరిగాయి. అంతకుముందు కొన్నేళ్ళలో ఏ సంవత్సరంలోనూ అన్ని జరగలేదట. దత్తతకు వెళ్ళేవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. ఏళ్ళ తరబడి వరసలో ఉన్నవాళ్ళు వేలకు వేలు. 'కావాలి' అనే చెయ్యీ 'వద్దు' అనే చెయ్యీ ఒకే ఊళ్ళో ఉండి కూడా ఒకదానికొకటి కనబడవు. మధ్యలో ముళ్ళపొద ఉంది.

అందుకని ఎవరికైనా అలాంటి బిడ్డ కనబడితే 'దేవుడిచ్చాడు' అని ఇంటికి తీసుకుపోతే చాలదూ అని అనిపించవచ్చు. రాధమ్మ అలాగే తీసుకుంది. కానీ మనకు ఆ వీలు లేదు. 24 గంటల్లోగా 1098కో, పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో తెలియజెయ్యాలి. చెప్పకుండా ఉంచుకుంటే ఆరు నెలల జైలు గానీ, పదివేల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ తర్వాత ఫోటో పేపర్లో వేస్తారు, కన్నవాళ్ళకోసం విచారిస్తారు, రెండేళ్ళలోపు బిడ్డ అయితే రెండు నెలలు చూసి, అప్పుడు దత్తతకు ఇవ్వవచ్చని ప్రకటిస్తారు. ఇదంతా పిల్లల్లేని తల్లిని ఏడిపించడానికి కాదు. ఆ రెండు నెలల్లో కుంతి తిరిగి రావచ్చు. మన పురాణంలో ఆమె తిరిగి వచ్చేసరికి కురుక్షేత్రం దగ్గర పడింది. చట్టం ఆమెకు అరవై రోజులు ముందుగానే ఇస్తోంది.

అయితే ఈ అరవై రోజుల సంగతీ, ఎఫ్.ఐ.ఆర్. వ్రాయరన్న సంగతీ ఆ కుంతికి తెలిసేదెలా? చదువుకున్నవాళ్ళం మనం తెలుసుకుని ఊరుకుంటే ప్రయోజనం లేదు. రేపు మీ ఇంటి పనమ్మాయితోనో, కాలేజీకి వెళ్ళే మీ అమ్మాయితోనో, వీధి చివర కట్టే ఇంటి దగ్గర ఇటుకలు మోసే మనిషితోనో ఏదో మాటల మధ్య చెప్పండి. నీ గురించే అన్నట్లు కాకుండా, పేపర్లో చదివానని చెప్పండి. 1098 అనే నాలుగంకెలు ఫలానా పనికి ఉన్నాయని చెప్పండి. బిడ్డను పెంచలేకపోతే ఇచ్చే చోటుందనీ, జైల్లో వెయ్యరనీ, మనసు మారితే తెచ్చుకోవచ్చనీ చెప్పండి. వినే మనిషికి ఈరోజు అవసరం లేకపోవచ్చు. ఆమె ఇంకెవరితోనో అంటుంది. ఆ ఇంకెవరో చున్నీ కప్పుకుని తిరుగుతూ ఉండవచ్చు.

చెప్పేటప్పుడు మాత్రం మన చూపు ఆమె నడుము మీదికి పోకుండా చూసుకోవాలి. చట్టాలు మార్చడం ఢిల్లీవాళ్ళ పని. ఉయ్యాల పెట్టడం హైదరాబాదువాళ్ళ పని. ఈ చూపు సంగతి మాత్రం మన ఇంటి పనే.